వరస కట్టినవాడి పేరు

మా గరాజ్‌లో, క్రిస్మస్ దీపాల డబ్బాల వెనక, పాత దుప్పటి చుట్టిన హార్మోనియం పెట్టె ఒకటి ఉంది. పదేళ్ళు దాటింది. మధ్యలో ఇల్లు మారాం; అదీ మాతో మారింది. పెద్ద బరువేం కాదు, ఒక చేత్తో ఎత్తవచ్చు. అయినా ఇన్నేళ్ళుగా నువ్వు మోస్తున్న బరువేదని ఎవరైనా అడిగితే దాన్నే చూపిస్తాను. అడిగినవాళ్ళు లేరు. మా ఆవిడ ఒకసారి "ఇదెవరిది?" అంది. "ఒకాయన దాచమని ఇచ్చాడు" అన్నాను. అందులో అబద్ధం లేదు. నా మాటల్లో అచ్చమైన అబద్ధం ఎప్పుడూ ఉండదు. నిజంలో కలిపి అమ్ముతాను, మిరియాల్లో బొప్పాయి గింజల్లాగ.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పబోతే వాళ్ళ మొహం చూస్తాను, ఎంతవరకు చెబితే క్షమిస్తారో అంచనా వేస్తాను, సరిగ్గా అక్కడ ఆపేస్తాను. నా సంగతి నాకు తెలుసు. నా పేరు కూడా రాయడం లేదు. చూశారా, ఇంకా మొదలుపెట్టనేలేదు, అప్పుడే మీతో ఒక బేరం కుదుర్చుకున్నాను.

తెనాలి బజారులో మాది కిరాణా కొట్టు. పక్కనే పెదనాన్న బట్టల కొట్టు. నాకు మాటలు రాకముందే ధరలు వచ్చాయని మా ఇంట్లో మురిపెంగా చెప్పుకునేవారు. అక్కడ నేర్చుకున్న విద్యల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఒకటే. ఆశ చూపిస్తే కొనేవాడు ఆలోచిస్తాడు. భయం చూపిస్తే కొనేస్తాడు. "ఈ రంగు మళ్ళీ రాదమ్మా, ఇదే ఆఖరి తాను" అనేవాడు పెదనాన్న. లోపలి గదిలో అదే రంగు తానులు నిలువెత్తున పేర్చి ఉండేవి. టెక్సాస్ వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, కాపెల్‌లో ఇల్లు కొనుక్కున్నాక ఆ కొట్టు నాలోంచి పోయిందనుకున్నాను. పోలేదు. బోర్డు మారింది, అంతే.

జొన్నాదుల అచ్యుతం మాస్టారు ఇర్వింగ్‌లో ఉండే సరళ తండ్రి. సరళ నాకు చుట్టం కాదు, ఊరివాళ్ళమని వరస కలిపి "అన్నయ్యా" అని పిలిచేది. భార్య పోయాక మాస్టారు విజిటర్ వీసా మీద కూతురి దగ్గరకు వచ్చారు. సూట్‌కేసుతో పాటు హార్మోనియం పెట్టె కూడా తెచ్చుకున్నారు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఒకప్పుడు పౌరాణిక నాటకాల కంపెనీలో హార్మోనిస్టు.

హార్మోనిస్టంటే పక్కన కూర్చుని వాయించేవాడు అనుకుంటారు ఈ కాలం వాళ్ళు. కంపెనీ నాటకంలో పద్యానికి వరస కట్టేది ఆయనే. నటుడి గొంతుకి అది పట్టించేదీ ఆయనే. ఆట రోజున వేదిక పక్కన లెగ్ హార్మోనియం తొక్కుతూ, తెర ఎప్పుడు లేవాలో, రాజు ఎంతసేపు ఏడవాలో, జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడించాలో వద్దో కంటి సైగతో నడిపించేదీ ఆయనే. నాటకం మొత్తం ఆయన కాలి కింద ఉంటుంది. పేరు మాత్రం వేషగాడిది.

గొప్ప సంగీతజ్ఞుడా? కాదు. ఇందులో కూడా దొంగ తూకం వేయను. రెండో వరసలో కూర్చునే హార్మోనిస్టు. ఆయన కట్టిన వరసల్లో చాలావాటికి తల్లులు వేరే ఊళ్ళో ఉన్నారు. "మరాఠీ నాటకాలవాళ్ళ దగ్గర కొంత కొట్టేశా, పార్శీవాళ్ళ దగ్గర కొంత. మిగతాది ఆకలి కట్టింది" అని ఆయనే చెప్పేవారు, సిగ్గు లేకుండా. కంపెనీ మూతపడ్డాక మద్రాసు వెళ్ళి సినిమా స్టూడియోల బయట కూర్చున్నారు. పెద్ద వాద్యబృందంలో నలుగురితో నారాయణ అన్నట్టు కొన్నాళ్ళు వాయించారు. రేడియోవాళ్ళు పరీక్ష పెట్టి వద్దన్నారు. తిరిగొచ్చి పరిషత్తు పోటీలకు వెళ్ళే ఔత్సాహికులకు పద్యాలు నేర్పారు, చక్కెర ఫ్యాక్టరీ క్లబ్బుల్లో వాయించారు, పెళ్ళిళ్ళలో కూడా వాయించారు. అంతే. ఒక మనిషి జీవితమంతా నాలుగు వాక్యాల్లో అయిపోయింది. నా జీవితానికి అన్ని కూడా అక్కర్లేదు.

కానీ ఒక వరస మాత్రం ఆయనది. దొంగిలించనిది. ఆ కంపెనీ వాళ్ళ నాటకం ఒకటి ఉండేది, అచ్చు కాలేదు. కరువులో ధాన్యపు కొట్టుకి తానే నిప్పు పెట్టించి, ఆ నేరం మంత్రి మీదకు తోసేసిన రాజు కథ. చివర నిండు సభలో "ఎవరు?" అన్న ప్రశ్నకు రాజు పద్యం అందుకుంటాడు. పద్యంలో ఆఖరి మాట "నేనే". మాస్టారి వరసలో రాజు ఆ మాట ముందు ఆగిపోతాడు. గొంతు రాదు. హార్మోనియం ఒక్కటే కిందికి దిగుతూ, దిగుతూ, ఆ మాటను తను అంటుంది. అప్పుడు గానీ రాజు నోరు తెరవడు. జనం ఆ ఆగిన చోట ఊపిరి బిగబట్టి, తరువాత వన్స్ మోర్ అని గోల పెట్టేవారట. ఆ వేషం వేసిన పెద్ద నటుడు ఆ వరస తనదేనని ఊరూరా చెప్పుకున్నాడు. జనం నమ్మారు. నమ్మరా మరి, కిరీటం ఆయన నెత్తిన ఉంది.

ఈ సంగతి మాస్టారు మా ఇంటి సోఫాలో కూర్చుని, ముక్కుపొడుం పీల్చి, నాకు స్వయంగా చెప్పారు. అంటే నాకు తెలుసు. ఆ గాయం ఎక్కడుందో, ఎంత లోతో చూపించాక, అక్కడే గుచ్చాను. అజ్ఞానం అని తప్పించుకునే దారి నాకు లేదు.

ఆ నాటకం మన తెలుగువాళ్ళ సంఘంలో వేద్దామని నేనే అన్నాను. పద్యాలన్నీ ఆయనకు కంఠస్థం. మధ్యలో మాటలు నేను రాశాను. రాజు వేషం కూడా నాదే. ఎవరికైనా ఇచ్చే గుణం నాకు ఉంటేగా. శనివారాలు మా ఇంట్లో రిహార్సల్. మాస్టారి పక్కన కీబోర్డు వాయించడానికి ఒక కుర్రాడు కూడా వచ్చేవాడు. మాస్టారు నోటి దురుసు మనిషి. అందరికీ పచ్చి మామిడికాయ ముక్కలా ఒక పులుపు మాట తగిలించేవారు. నాకు "షావుకారు" అని పేరు పెట్టారు. ఆ పద్యం ఐదు శ్రుతిలో ఎత్తాలి. నా గొంతు పట్టలేదు. "మాస్టారూ, ఒక్క అర శ్రుతి తగ్గించండి" అన్నాను. ఆయన హార్మోనియం మెట్ల మీద చేతులు తీసేసి, గదిలో అందరివైపు తిరిగి, "ఏం షావుకారూ, ఇది కందిపప్పు కాదయ్యా. శ్రుతికి తగ్గింపు లేదు" అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. కొట్టులో పెరిగినవాడికి నవ్వడం తెలుసు. ఆ నవ్వు లోపలికి వెళ్ళి పులిసింది.

ఆయన నన్ను అడిగింది ఒక్కటే. కంపెనీ రోజుల్లో తెర లేచే ముందు పేర్లు చదివేవారు. హార్మోనిస్టు పేరు చివర వచ్చేది, సరిగ్గా అప్పుడే గంట కొట్టేవారు. ఆయన పేరు గంటలో కలిసిపోయేది. ఎన్ని ఊళ్ళు తిరిగినా అంతే. "ఒక్కసారి గంటకి ముందు చదివించు. 'వరసలు కట్టినవారు, హార్మోనియం: జొన్నాదుల అచ్యుతం' అని. నా కూతురు వినాలి" అన్నారు. తప్పకుండా అన్నాను. నాకు ఖర్చు లేని మాట.

తరువాత ఆ నాటకాన్ని దేశమంతటి తెలుగువాళ్ళు కలిసే పెద్ద సభకి ఎంపిక చేశారు. బ్రోచర్‌లో మాకు ఒక వరుస చోటు ఇచ్చారు. ఆ చోటు చూడగానే నాకు ఏం కనిపించిందో చెబితే మీకు అసహ్యం వేస్తుంది. వేయనివ్వండి. "రచన, దర్శకత్వం, సంగీతం" అని మూడు మాటలు, పక్కన ఒకే ఒక్క పేరు. ఆ మూడు మాటలు కలిసి ఉంటే ఎంత అందంగా ఉంటాయో, మధ్యలో ఇంకో పేరు దూరితే అది పంటి కింద రాయిలా ఎలా ఉంటుందో, అద్దం ముందు నిలబడి చదువుకున్నాను. నలభై దాటిన మనిషిని.

ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ ముందు పార్కింగ్‌లో, నా కారులో జరిగింది. మధ్యాహ్నం. సరళ లోపల కూరగాయలు ఏరుతోంది. మాస్టారు ముందు సీట్లో కూర్చుని కాగితం పొట్లంలోంచి మిరపకాయ బజ్జీ తింటున్నారు.

"నా పేరు అచ్చేసే ముందు ఒకసారి చూపించు షావుకారూ" అన్నారు. "చకి యవత్తు ఎగ్గొడతారు వెధవలు. మా కరపత్రాల్లో జీవితమంతా 'అచ్చుతం' అనే ఏశారు."

"దాని గురించే మాస్టారూ. చిన్న ప్రాబ్లమ్ ఉంది."

"ఏంటంట?"

"మీరు విజిటర్ వీసా మీద వచ్చారు కదా. ఇక్కడ రూల్స్ ప్రకారం వర్క్ చేయకూడదు. సంగీతం అని మీ పేరు వేస్తే వర్క్ చేసినట్టే."

"నేనేం పుచ్చుకున్నానయ్యా? నీ ఇంట్లో టీనీళ్ళు తాగా. అవి కూడా పల్చగా ఉంటయ్."

"వాళ్ళకి అవన్నీ తెలీవు మాస్టారూ. పేరు చూస్తారు."

ఆయన నవ్వారు. "పేరు చూసి పట్టుకుపోతారా? మన దేశంలో నా పేరు చూసి పలకరించినోడే లేడు. పోనీ, ఇక్కడన్నా గుర్తుపడతారు."

బేరం చేజారుతోందని అర్థమైంది. అప్పుడు ఆఖరి తాను తీశాను.

"మీకేం కాదు, మహా అయితే వెనక్కి పంపిస్తారు. సరళ గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది కదా, దానికేమన్నా అయితే?"

నములుతున్న నోరు ఆగింది. బజ్జీ పొట్లం మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. పంచె మీద నూనె మరక పాకింది.

"అమ్మాయికి చెప్పావా?"

"లేదు. కంగారు పడుతుందని."

"చెప్పమాకు." కాసేపు గ్రోసరీ తలుపువైపే చూశారు. "నా పేరు ఎక్కడా రానీమాకు నాయనా. స్టేజీ మీద కూడా చెప్పమాకు. నేనసలు పెట్టె ముందు కూర్చోను. ఆ కీబోర్డు కుర్రాడికి నేర్పిచ్చేస్తా."

"మీరెలా అంటే అలాగే మాస్టారూ."

అదీ నా మాట. మీరెలా అంటే అలాగే. సరుకు నాది, తూకం నాది, అడుక్కున్నవాడు ఆయన. అప్పటిదాకా షావుకారూ అన్న మనిషి ఆ రోజే మొదటిసారి నాయనా అన్నాడు. ఆ పిలుపు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో మాడిన నూనె రుచి తగులుతుంది.

నిజంగా అలాంటి రూల్ ఉందా? నాకు తెలియదు. కనుక్కోలేదు. కనుక్కుంటే లేదని తేలవచ్చు. తేలితే బేరం చెడుతుంది. ఇక్కడ మనమంతా పెద్దవాళ్ళ నోరు మూయించడానికి వాడే మాట అదే కదా. బాల్కనీలో బట్టలారేయకండి, రూల్స్. పక్కింటి పిల్లాణ్ణి ఎత్తుకోకండి, రూల్స్. వాళ్ళకి ఇంగ్లీషు రాదు, కారు రాదు, మనం ఏ గీత గీస్తే అదే దేశపు సరిహద్దు. అందరూ వాడే అబద్ధం నేనూ వాడానని అనుకుందామా? లేదు. మిగతావాళ్ళు ఇబ్బంది తప్పించుకోవడానికి వాడారు. నేను ఒక మనిషిని మింగడానికి వాడాను.

సభ రోజున నాటకం బాగా వచ్చింది. మీకు వికారంగా ఉన్నా చెప్పాలి, చాలా బాగా వచ్చింది. కీబోర్డు అబ్బాయి ఆ దిగుడు చక్కగా వాయించాడు, నా గొంతుకు సరిపోయేలా అర శ్రుతి తగ్గించి. శ్రుతికి కూడా తగ్గింపు సాధించాను. నేను ఆగాను. హాలంతా ఊపిరి బిగబట్టింది. "నేనే" అన్నాను. వన్స్ మోర్ అన్నారు. నేరం ఒప్పుకునే పద్యాన్ని దొంగిలించి, దాన్ని రెండుసార్లు పాడి, రెండుసార్లూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నిజమైన కన్నీళ్ళే. నన్ను చూసి నాకే జాలి వేసింది. ఇంతకంటే రోత పుట్టించే మనిషిని నేను ఇంకా చూడలేదు.

నాటకం అయ్యాక, మొహం మీద రంగుతోనే, లాబీలో మాస్టారి పక్కన నిలబడ్డాను. ఆయన గోడవార కుర్చీలో కూర్చున్నారు. సరళ పిల్లలకి భోజనం పెట్టించడానికి వెళ్ళింది. అప్పుడు ఒక పెద్దాయన చేతికర్రతో మా దగ్గరికి వచ్చారు. ఎప్పుడో మనవాళ్ళు ఇక్కడ పట్టుమని పదిమంది లేని రోజుల్లో వచ్చి, డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. నన్ను మెచ్చుకుంటూనే మాస్టారి మొహంలోకి చూస్తున్నారు.

"ఈ ఆగడం నేను చిన్నప్పుడు ఏలూరులో విన్నానండీ" అన్నారు. "రాజు వేషం వేసిందెవరో గుర్తులేదు. పక్కన హార్మోనియం తొక్కే ఆయనే గుర్తు. ఆ చివరి మాట ముందు మా వైపు చూసి కొంటెగా నవ్వేవాడు, 'చెప్పనా, వద్దా' అన్నట్టు. మీరు... ఆయన కాదుగదా?"

ఆలోచించండి. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క ప్రేక్షకుడు. కిరీటాన్ని మరిచిపోయి, కిరీటం పక్కన ఉన్నవాణ్ణి గుర్తుపెట్టుకున్న ఒకే ఒక్క మనిషి. సముద్రం అవతల, ఇన్నేళ్ళ తరువాత, కుర్చీ ముందుకు నడిచి వచ్చాడు. మాస్టారి మొహం ఒక్క క్షణం వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను. తరువాత ఆయన నావైపు చూశారు. అనుమతి కోసం కాదు. భయంతో.

"కాదండీ" అన్నారు. "నాకు సంగీతం రాదు. మా అమ్మాయిని చూడ్డానికొచ్చా."

జీవితమంతా డప్పు కొట్టుకున్న నోటితో ఆ మాట అన్నారు. నేను ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఈయనేనండీ. ఒక్క ముక్క. అప్పటికి బ్రోచర్లు పంచేశారు, చప్పట్లు అయిపోయాయి, నాకు పోయేదేమీ లేదు. కాస్త సిగ్గు పడాలి, అంతే. నేను నోరు తెరవలేదు. డాక్టరుగారు క్షమించమని చెప్పి, నా చెయ్యి పట్టుకుని ఊపి, "మీరు ఆయన్ని మళ్ళీ చూపించారు" అని వెళ్ళిపోయారు. ఆ చెయ్యి నేను వెంటనే కడుక్కున్నాను. రంగు తుడుచుకోవడానికని చెప్పుకున్నాను.

ఆ వారంలోనే మాస్టారు పెట్టె తీసుకుని మా ఇంటికి వచ్చారు. "నువ్వు దాచు నాయనా. అమ్మాయి ఇంట్లో ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో" అన్నారు. హార్మోనియం పెట్టె. దొంగసొత్తులా దుప్పటి చుట్టి తెచ్చారు. అది దొంగసొత్తేనని, దొంగ ఇల్లే వెతుక్కుంటూ వచ్చిందని ఆయనకు తెలియదు. తీసుకున్నాను. ఉండాల్సిన గడువు ఇంకా చాలా ఉండగానే ఆయన వెళ్ళిపోయారు.

ఇవన్నీ ఇప్పుడెందుకు? ఈమధ్య సరళ ఫోన్ చేసింది. మాస్టారు పోయారు. ఏడ్చి, తేరుకుని, చెప్పింది.

"నాన్న ఇక్కడి నుంచి వెళ్ళాక పద్యం ముట్టుకోలేదు అన్నయ్యా. వీడియో కాల్‌లో పిల్లలు పాడమని అడిగితే, 'వద్దమ్మా, మీకు ఇబ్బంది' అనేవారు. ఏం ఇబ్బందో ఎంత అడిగినా చెప్పలేదు. మిమ్మల్ని మాత్రం 'బంగారం లాంటి మనిషి, మనల్ని కాపాడాడు' అనేవారు. ఇప్పుడు వెళ్ళి చూస్తే అక్కడ ఇంట్లో హార్మోనియం కూడా కనపడలేదు. మీకేమన్నా చెప్పారా?"

గరాజ్‌కీ నాకూ మధ్య ఒక తలుపు ఉంది.

"లేదమ్మా" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది. ఇన్నేళ్ళు నన్ను నేను తిట్టుకుని, పశ్చాత్తాపం అనుకుని పెంచుకున్నదంతా అవసరం పడేసరికి ఒక్క గ్రాము తూగలేదు. ఫోన్ పెట్టేశాక బాత్‌రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. అది కూడా పశ్చాత్తాపం కాదేమో. తన వాసన తనకే తగిలినవాడి వాంతి.

క్షమించమని ఎవరిని అడగను? అడగాల్సిన మనిషి నన్ను బంగారం అనుకుంటూ పోయాడు. ఆ మాటను తిరిగి ఇచ్చేయడానికి కూడా ఆయన లేడు. సరళ క్షమించినా నేను ఒప్పుకోను. తక్కువ ధరకి వచ్చిన సరుకు మీద నాకు నమ్మకం లేదు. ఆమె కలిపిన వరసకు నేను తగను. ఆయన కట్టిన వరస నాది కాదు.

మొదట్లో నా పేరు రాయనన్నాను. ఆ బేరం నిలబెట్టుకుంటున్నాను. కానీ ఆయన పేరు రాశాను, ఇంటిపేరుతో సహా, యవత్తుతో సహా. ఇది చదివితే సరళకి నేనెవరో క్షణంలో తెలిసిపోతుంది. అది తెలిసే రాశాను. ఈ ఒక్కచోట తగ్గింపు అడగలేదు. దానివల్ల నేను మంచివాణ్ణయిపోను. ఛాతీ మీద పెట్టె కాస్త పక్కకు జరిగినట్టుంది, అంతే.

పొద్దున గరాజ్‌లోకి వెళ్ళి దుప్పటి విప్పాను. గాలి తిత్తి ఎండి చీలిపోయింది. మెట్లు నొక్కితే గాలి మాత్రమే వస్తోంది. దాని ముందు నిలబడి, గంట కొట్టక ముందే, చదివాను.

వరసలు కట్టినవారు, హార్మోనియం: జొన్నాదుల అచ్యుతం.

ఆ పేరు మింగినవాడు ఎవరంటే... ఇక్కడ హార్మోనియం ఒక్కటే దిగాలి. అది దిగలేదు. ఆగిన చోట చాలాసేపు నిలబడ్డాను. చివరికి దాని సాయం లేకుండానే అన్నాను.

నేనే.